పొగగొట్టం లెక్క, కంపెనీ లెక్క

అమెరికాలోని పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌కు గంటగంటకూ లెక్క ఉంటుంది. ఆ లెక్క భూతాపం మీది ఆందోళన నుంచి కాక, ఆమ్లవర్షాల మీది పోరాటం నుంచి పుట్టింది. ఈశాన్య రాష్ట్రాల సరస్సులనూ అడవులనూ పాడుచేస్తున్న సల్ఫర్ డయాక్సైడ్‌ను అదుపు చేయడానికి 1990 నవంబరులో స్వచ్ఛ వాయు చట్టాన్ని సవరించారు. ఉద్గారాలకు పరిమితి విధించి, అనుమతులను కంపెనీలు పరస్పరం కొనుక్కునే, అమ్ముకునే ఏర్పాటు చేశారు. బేరం సాగాలంటే ముందు తూకం నమ్మదగినదై ఉండాలి గదా! అందుకే పొగగొట్టాలకు నిరంతర కొలత పరికరాలు తప్పనిసరి అయ్యాయి. అదే శాసనంలోని 821వ సెక్షన్, ఆ కేంద్రాలు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా లెక్కించి తెలపాలన్నది. తగ్గించమని మాత్రం అనలేదు.

కంపెనీలు తమ గురించి తాము చెప్పుకునే లెక్క వేరే దారి పట్టింది. 1988లోనే ఏఇఎస్ సంస్థ, కనెక్టికట్‌లో తాను కట్టే బొగ్గు కేంద్రపు ఉద్గారాలకు బదులుగా గ్వాటెమాలాలో 5 కోట్లకు పైగా చెట్లు నాటించే పథకానికి డబ్బిచ్చింది. 1992 నాటి ఇంధన విధాన చట్టంలోని 1605(బి) సెక్షన్ ఇటువంటి పనులను స్వచ్ఛందంగా నమోదు చేసుకొనే వీలు కల్పించింది. తొలి నివేదికలు 1995లో అందాయి. ఇచ్చినవారిలో అత్యధికులు విద్యుత్ కంపెనీలే. కంపెనీ తన మొత్తం ఉద్గారాలు చెప్పనక్కరలేదు, ఏ ఒక్క పథకాన్నయినా విడిగా చూపవచ్చు. తగ్గుదలను గడచిన ఏడాదితోనే పోల్చాలన్న నియమమూ లేదు. ఆ పథకమే లేకపోతే ఎంత పెరిగి ఉండేదన్న ఊహతో పోల్చినా చెల్లేది. పొగగొట్టం వద్ద అంకె పెరుగుతుండగానే నివేదికలో తగ్గుదల నమోదు కాగలిగింది. దీన్ని మోసమనడం సరికాదు. చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది.

2001లో వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ఉద్గారాలను మూడు పరిధులుగా విభజించింది. సొంత కేంద్రాల పొగ మొదటి పరిధిలోది. ఇతరుల వద్ద కొని వినియోగదారులకు అమ్మే విద్యుత్తు వెనకనున్న పొగ మూడవదానిలోది. ఒక కంపెనీ తన బొగ్గు కేంద్రాన్ని అమ్మివేసి, అదే విద్యుత్తును తిరిగి కొనుక్కుంటే? ఆకాశంలో మార్పేమీ ఉండదు, మొదటి పరిధి మాత్రం తేలికవుతుంది. అమ్మకాలు జరిగినప్పుడు ఆధార సంవత్సరపు లెక్కనూ సవరించాలని ప్రోటోకాల్ చెబుతుంది గాని, ఆ ప్రమాణాన్ని పాటించడం కంపెనీ ఇష్టం. 2010 ఉద్గారాల నుంచి అమలైన సమాఖ్య నిబంధన తప్పనిసరిదే అయినా, అది అడిగేది ఒక్కొక్క కేంద్రం లెక్కనే. 2018 డిసెంబరులో ఎక్సెల్ ఎనర్జీ, 2005తో పోలిస్తే 2030 నాటికి 80 శాతం తగ్గిస్తామని ప్రకటించినప్పుడు కొన్న విద్యుత్తునూ లెక్కలో చేర్చింది. ఆ ప్రతిజ్ఞకు విలువ తెచ్చినది ఆ చేర్పే.

తగ్గుదల నిజంగానే జరిగింది. 2005లో అమెరికా విద్యుత్తులో సగం బొగ్గుది. 2023 నాటికి అది ఆరింట ఒక వంతుకు పడిపోయింది. ఖాళీ అయిన చోటును గాలి, సూర్యరశ్మి కొంత నింపాయి. అంతకంటే ఎక్కువ నింపింది సహజవాయువు. యూనిట్ విద్యుత్తుకు దాని పొగ బొగ్గు పొగలో ఇంచుమించు సగం. బావుల దగ్గరా గొట్టాల్లోనూ కారిపోయే మీథేన్ మాత్రం విద్యుత్ కేంద్రపు పరికరానికి అందదు. అది వాయువును తవ్వేవారి, తరలించేవారి పద్దులో, చాలావరకు అంచనాగా, నమోదవుతుంది.