పంచ్ అను అతిథిపానీయము

మత్తుద్రవ్యమును నాలుగైదు వస్తువులతో కలిపి విందులలో అతిథులకిచ్చు పానీయమునకు కాక్‌టెయిల్ అని పేరు. ఇప్పుడీ పేరు మన నగరములలోను, విదేశములందు స్థిరపడిన మన బిడ్డల యిండ్లలోను వినబడుచున్నది. మిత్రులు వచ్చినపుడు దానిని ఇంటనే కలిపి యిచ్చుట మర్యాదయని యెంచువారును గలరు. ఇది కేవలము పరదేశపు వింతయని పెద్దలు తలంచుట సహజమే. అయితే దీని పూర్వచరిత్రను వెదకుచు పోయినచో ఒక ముఖ్యమైన జాడ మన తెలుగు సముద్రతీరముననే కనబడుచున్నది. దానిని గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

కాక్‌టెయిల్ పుట్టక పూర్వము ఆంగ్లేయులలో ప్రసిద్ధికెక్కిన మిశ్రమపానీయము పంచ్. సారాయి, నిమ్మరసము, చక్కెర, నీరు, సుగంధద్రవ్యము అను వీనిని పెద్ద గిన్నెలో కలిపి, ఆ గిన్నెను నడుమనుంచి, చుట్టును కూర్చున్నవారికి గరిటెతో పోయుచుండిరి.

1611వ సంవత్సరమున గ్లోబు అను ఓడ ఈస్టిండియా కంపెనీవారి వర్తకులతో మన తీరమునకు వచ్చెను. వారు పెద్దపల్లిలోను మచిలీపట్టణములోను వర్తకస్థానముల నేర్పరచుకొనిరి. అప్పుడీ ప్రాంతము గోలకొండ కుతుబుషాహీల యేలుబడిలో నుండెను. ఆంగ్లేయులు పేటపోలియని వ్రాసికొనిన ఆ పెద్దపల్లియే నేటి నిజాంపట్టణము. 1632వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన రాబర్టు ఆడమ్సు అను నాతడు పెద్దపల్లిలోని వర్తకుడు కాలీకి ఒక జాబు వ్రాసెను. నీకు మంచి తోడు దొరకినందుకు సంతోషమనియు, మీరిరువురును కలిసిమెలసి కాపురముండి పంచ్ త్రాగుచుందురని తలంతుననియు దాని భావము. ఇంతవరకు దొరకిన వ్రాతలలో ఈ పానీయమునకు పంచ్ అను పేరు కనబడు మొదటి వ్రాత యిదియే. జాబులో దానికి వివరణ యేమియు లేదు. కావున ఆ మాట అప్పటికే వారికి వాడుకలో నుండెనని నేననుకొనుచున్నాను.

ఈ పేరెట్లు వచ్చెను? 1670 ప్రాంతముల మన దేశమున సంచరించిన ఫ్రయ్యరు అను ఆంగ్లేయ వైద్యుడు, హిందూస్థానీ భాషలో ఐదు అను అర్థమిచ్చు మాటనుండి యిది పుట్టెననియు, ఇందలి వస్తువులు ఐదగుటయే కారణమనియు వ్రాసెను. పంచామృతము నెరిగిన మనకు ఈ మాట వింతగా తోచదు. పూర్వపు వ్రాతలలో ఐదు వస్తువులును ఎల్లెడల కానరావని కొందరు భాషావేత్తలు సందేహించిరి. 1638లో సూరతునకు వచ్చిన మాండెల్‌స్లో అను జర్మను యాత్రికుడు సారాయి, పన్నీరు, నిమ్మజాతి పండ్లరసము, చక్కెర అని నాలుగే చెప్పినాడు. ఎట్లయినను ఆ పానీయము ఈ దేశపు వస్తువులతోనే కూడినదనుట స్పష్టము.

ఆ కలయికకు కారణము లేకపోలేదు. నెలల తరబడి సాగు ఓడ ప్రయాణమున, వేడిమికి, వారు తెచ్చుకొనిన బీరు చెడిపోవుచుండెను. ఇక్కడ దొరకునది సారాయి. దానికి వారు వాడిన అరక్ అను మాట చెమట అను అర్థముగల అరబ్బీపదము; బట్టీలో ఆవిరి చల్లబడి బొట్లుబొట్లుగా కారుటవలన ఆ పేరు వచ్చెను. గోవాలో కల్లునుండియు, బటేవియాలో చెరకుమడ్డినుండియు దానిని దింపెడివారు. ఆ ఘాటును అణచుటకు చక్కెర, నిమ్మ, నీరు తోడైనవి.

ఓడలతోపాటు పంచ్ ఇంగ్లండునకు చేరెను. 1731లో జేమ్సు ఆష్లీ అను నాతడు లండనులో పంచ్ విక్రయశాలను తెరచెను. కరీబియను దీవులలో పులుపు ఒక పాలు, తీపి రెండు పాళ్లు, మద్యము మూడు పాళ్లు, నీరు నాలుగు పాళ్లు అను లెక్క వాడుకకు వచ్చెను. గిన్నెకు మారుగా ఒక్కొక్కరికి ఒక్కొక్క గ్లాసు కలుపు పద్ధతి అమెరికాలో బలపడెను. 1806లో న్యూయార్కు రాష్ట్రపు పత్రిక యొకటి కాక్‌టెయిల్ అనగా మద్యము, చక్కెర, నీరు, చేదుసారము కలిసినదని వివరించెను. 1862లో జెర్రీ థామసు ప్రకటించిన మిశ్రమపానీయముల గ్రంథము పంచ్‌తోనే ఆరంభమగుచున్నది. మద్యము, నిమ్మ, చక్కెర కలిపి నేడు చేయు కాక్‌టెయిళ్లకు మూలము ఆ పాత గిన్నెయే.

ఇది మనకు గర్వకారణమా? ఒకవైపే చూచి తీర్పు చెప్పరాదు. 1660 ప్రాంతముల మన దేశముననున్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియరు, వంగదేశమున ఈ పానీయమును చూచి, నాలుకకు ఇంపైనదే కాని దేహమునకు చేటు అని వ్రాసెను. ఆ శతాబ్దముననే చెన్నపట్టణపు కోటలో, ఒక్కొక్కడు ఒక పర్యాయమునకు అర పైంటుకు మించి సారాయి త్రాగరాదని కట్టడి చేయవలసివచ్చెను. విక్రయించినవారికే దానివలని కీడు తెలిసియుండెను. పిదప ఆంగ్లప్రభుత్వమువారు అబ్కారీపాటలు పెట్టి, సారాయిని ఖజానాకు రాబడిగా చేసికొనిరి. ఆ పాటలు స్వాతంత్ర్యము తరువాతను సాగినవి. కూలిడబ్బు దుకాణమున చెల్లిపోగా, ఆకలిబిడ్డలతో మిగిలినవారు ఆడువారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, రాత్రిబడులలో అక్షరములు దిద్దుకొనుచునే, తమ యూరి సారాయిని అడ్డగించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించుటచే 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను. ఈ చరిత్రలో ఆడమ్సు జాబునకెంత చోటుగలదో దూబగుంట తల్లులకంతకన్న నెక్కువ చోటు గలదు.

పంచ్‌లోని ఐదు వస్తువులలో ఒక్కటి తప్ప తక్కినవి మనయిండ్లలో నిర్దోషమైనవే. బెల్లము, నీరు, మిరియాలు, ఏలకులు కలిపిన పానకము శ్రీరామనవమినాడు వాడవాడల పంచుదుము. మంగళగిరి స్వామికి పానకమే నైవేద్యము. సగము స్వామి స్వీకరించి తక్కిన సగము భక్తులకు విడుచునని నమ్మిక. నడుమ బిందెనుంచి నలుగురికి పోయు మర్యాద మనకు ఆంగ్లేయులు నేర్పినది కాదు.

కావున పట్టణమునుండి వచ్చిన బిడ్డలు మిత్రులకు పంచ్ చేయుదుమన్నచో కోపింపక, ఇట్లు చేయుడని చెప్పుడు. నిమ్మతొక్కలను చక్కెరతో బాగుగా నలిపి గంటసేపు ఉంచినచో తొక్కలోని సుగంధతైలము చక్కెరకు పట్టును. దానిని వేడినీటిలో కరగించి, తొక్కలు తీసివేసి, చల్లార్చి, నిమ్మరసము కలిపి, పైన జాజికాయ అరగదీసి చల్లవలెను. రసమొక పాలు, చక్కెర రెండు పాళ్లు, సారాయి లేదు గనుక నీరు ఏడు పాళ్లు. నీటికి మారుగా పలుచని తేనీరు పోయుటయు పాతవాడుకయే. దానిని గిన్నెతోనే నడుమనుంచి, పిన్నలకును పెద్దలకును, ఇంటి ఆడువారికిని సమముగా పోయవచ్చును. సారాయి గిన్నెచుట్టు అందరికిని అట్టి చోటు దొరకలేదు.