వ్యాపార ప్లాన్‌కు డిజిటల్ వైట్‌బోర్డు: టెంప్లేట్ ఏం చేస్తుంది, ఏం చేయదు?

కొత్త వ్యాపారం మాట మన ఇళ్లలో ఎక్కువగా రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గరే మొదలవుతుంది. పెద్దభాయ్ డబ్బు పెడతానంటాడు, అమ్మీ వంట చూసుకుంటానంటుంది, తమ్ముడు బండి మీద డెలివరీ చేస్తానంటాడు. లెక్క మాత్రం ఎవరూ రాయరు. ఆరు నెలలయ్యాక "ఎవరెంత పెట్టారు, ఏం మిగిలింది" అన్న దగ్గర మాటా మాటా పెరుగుతుంది. డిజిటల్ వైట్‌బోర్డుల్లో దొరికే బిజినెస్ ప్లానింగ్ టెంప్లేట్లు, ఆ లెక్కను డబ్బు ఖర్చు కాకముందే అందరి ముందు పెట్టడానికి పనికొస్తాయి.

డిజిటల్ వైట్‌బోర్డు అంటే?

క్లాసులో గోడకుండే తెల్లబోర్డు లాంటిదే, కాకపోతే కంప్యూటర్ లేదా ఫోన్ తెర మీద ఉంటుంది. ఎటు జరిపినా ఇంకా ఖాళీ చోటు వస్తూనే ఉంటుంది. దాని మీద రంగు చీటీలు (స్టిక్కీ నోట్లు) అంటించొచ్చు, గీతలు గీయొచ్చు. లింకు పంపితే ఇబ్రహీంపట్నంలో ఉన్నవాళ్లు, దుబాయ్‌లో ఉన్న అన్న ఒకే బోర్డును ఒకేసారి చూడొచ్చు. మిరో, మ్యూరల్, ఫిగ్‌జామ్, మైక్రోసాఫ్ట్ వైట్‌బోర్డ్ ఇలాంటివే. మిరో 2011లో 'రియల్‌టైమ్‌బోర్డ్' పేరుతో మొదలై 2019లో పేరు మార్చుకుంది.

టెంప్లేట్ అంటే ముందే గీసి ఉంచిన ఖాళీ ఫారం. లైబ్రరీలో కావలసినది ఎంచుకుంటే బోర్డు మీదికి వచ్చేస్తుంది. పెట్టెల పేర్లు ఇంగ్లీషులో ఉన్నా, చీటీలు తెలుగులో రాసుకోవచ్చు.

తొమ్మిది పెట్టెల ఫారం

వీటిలో బాగా పేరున్నది 'బిజినెస్ మోడల్ కాన్వాస్'. స్విట్జర్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ ఓస్టర్‌వాల్డర్ 2004లో లోజాన్ యూనివర్సిటీలో చేసిన పీహెచ్‌డీ పరిశోధన దీనికి మూలం. ఆయన, ప్రొఫెసర్ ఈవ్ పిన్యూర్ కలిసి 2010లో తెచ్చిన 'బిజినెస్ మోడల్ జనరేషన్' పుస్తకంతో ఇది అందరికీ తెలిసింది. ఇందులో తొమ్మిది ప్రశ్నలుంటాయి:

1. కస్టమర్లు ఎవరు?
2. వాళ్లకు మనం తీర్చే అవసరం ఏమిటి?
3. సరుకు వాళ్లకు ఎలా చేరుతుంది?
4. వాళ్లు మళ్లీ మన దగ్గరికే రావాలంటే ఏం చేయాలి?
5. డబ్బు ఎలా వస్తుంది?
6. మన దగ్గర ఏమేం ఉండాలి?
7. రోజూ చేయాల్సిన ముఖ్యమైన పనులు ఏమిటి?
8. మనతో కలిసి పనిచేసేది ఎవరు?
9. ఖర్చులు ఏమిటి?

ఒక ఉదాహరణ

ఇబ్రహీంపట్నంలో ఒక కుటుంబం ఆదిబట్ల కంపెనీల ఉద్యోగులకు లంచ్ బాక్సులు ఇవ్వాలనుకుందాం. ఇవి కేవలం ఊహించిన అంకెలు. రోజుకు 40 బాక్సులు, ఒక్కోటి 80 రూపాయలు, నెలకు 25 రోజులు. అమ్మకం 80,000 రూపాయలు. వినడానికి బాగుంది.

ఇప్పుడు తొమ్మిదో పెట్టె. బాక్సుకు సరుకులు 45 రూపాయల చొప్పున 45,000. ప్యాకింగ్ 6 రూపాయల చొప్పున 6,000. గ్యాస్ 8,000. డెలివరీ, పెట్రోల్ 15,000. మొత్తం 74,000. మిగిలేది 6,000.

ఇందులో వంట చేసే ఇద్దరు ఆడవాళ్ల కూలి లేదు. చాలా ఇళ్లలో ఆ చీటీ ఎవరూ రాయరు, ఇంటి పనే కదా అనుకుంటారు. అది రాస్తే ఈ వ్యాపారం నష్టంలో ఉందని మొదటి రోజే తెలిసిపోతుంది.

అదే 60 బాక్సులైతే అమ్మకం 1,20,000. సరుకులు 67,500, ప్యాకింగ్ 9,000, గ్యాస్ 11,000 అనుకుందాం. డెలివరీ మాత్రం అదే 15,000, ఎందుకంటే బండి వెళ్లేది అదే దారిలో. మిగిలేది 17,500. అంటే కుటుంబం ముందున్న అసలు ప్రశ్న "ఇంకో 20 మంది దొరుకుతారా?" అన్నదే. రంజాన్ నెలలో లంచ్ ఆర్డర్లు ఏమవుతాయి, ఉపవాసంతో వంట ఎవరు చేస్తారు అన్నదానికీ ఒక చీటీ ఉండాలి.

టెంప్లేట్ చేయనిది

కాన్వాస్ ఆలోచనకు మాత్రమే. బ్యాంకుకు అంకెలతో కూడిన ప్రాజెక్టు రిపోర్టు వేరుగా కావాలి. ఉదాహరణకు కేంద్ర ప్రభుత్వ పీఎంఈజీపీ పథకంలో మైనారిటీలు, మహిళలు ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం వీళ్ల సొంత వాటా 5 శాతం, సబ్సిడీ పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం. జనరల్ వాళ్లకు సొంత వాటా 10 శాతం, సబ్సిడీ 15, 25 శాతం. దరఖాస్తుకు ముందు అప్పటి నిబంధనలు చూసుకోవాలి. బోర్డు మీద ఐదు, తొమ్మిది పెట్టెలు నిజాయితీగా నింపి ఉంటే రిపోర్టు రాయించడం తేలికవుతుంది, ఏజెంటు వేసిన అంకెలు సరైనవో కాదో కూడా తెలుస్తుంది.

అన్నదమ్ములు కలిసి పెట్టుబడి పెడితే బోర్డు మీది చీటీ ఒప్పందం కాదు. ఎవరి వాటా ఎంత, లాభనష్టాలు ఎలా పంచుకోవాలి అన్నది పార్టనర్‌షిప్ డీడ్‌గా రాసుకోవాలి.

జాగ్రత్తలు

• మొదట ఉచిత వెర్షన్ చాలు. మిరో ఉచిత ప్లాన్‌లో మూడు బోర్డుల వరకు మార్పులు చేసుకోవచ్చు. ఒక్క వ్యాపారానికి అది సరిపోతుంది.
• లింకు పంపేటప్పుడు అవతలివాళ్లు చూడటానికి మాత్రమేనా, మార్చడానికి కూడానా అన్నది సరిచూసుకోవాలి. ఆధార్, బ్యాంకు వివరాలు బోర్డు మీద పెట్టకూడదు.
• పూర్తయ్యాక పీడీఎఫ్ లేదా ఫోటోగా దాచుకోవాలి. గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబర్ 31తో మూతపడింది. కంపెనీ ఆపేస్తే బోర్డు కూడా పోతుంది.
• నెలకోసారి తెరిచి, అనుకున్న అంకె పక్కన అసలు అంకె రాయాలి.

ఇంటర్నెట్ లేకపోతే చార్టు పేపరు మీద తొమ్మిది గళ్లు గీసినా పని జరుగుతుంది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఒక సాయంత్రం వాళ్లను కూర్చోబెట్టి బోర్డు తెరిపించుకోవచ్చు. అప్పు తీసుకునే ముందు, నగలు తాకట్టు పెట్టే ముందు ఆ ఒక్క సాయంత్రం కేటాయించడం మేలు. ఏ పెట్టెలో ఏం రాయాలో తోచడం లేదో, ముందుగా కనుక్కోవాల్సింది దాని గురించే.