లాల్‌బాగ్: సేనాని వేసిన తోట

సీమవంకాయ అనీ బెంగళూరు వంకాయ అనీ మనం పప్పులో, కూటులో వేసుకునే కాయ పుట్టిల్లు మెక్సికో. దాన్ని బెంగళూరు నేలకు అలవాటు చేసిన ఘనత జాన్ కామెరాన్ అనే దొరకు ఇస్తారు. 1874 నుంచి 1908 దాకా బెంగళూరు లాల్‌బాగ్ తోట బాగోగులు చూసినవాడాయన. ఇప్పుడు పొద్దున్నే నడకకు వచ్చి చెట్ల కింద కూర్చునే జనంలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో గానీ, ఆ తోట ఏనాడూ ఉత్త షికారు తోట కాదు. పరాయి మొక్క ఈ గాలికి బతుకుతుందా, బతికితే కాస్తుందా అని పరీక్షించి చూసిన చోటది.

మొదలుపెట్టినవాడు హైదరలీ. 1760లో ఆయనింకా మైసూరు సేనానే; బెంగళూరు ఆయన జాగీరు. మన మడకశిరకు పొరుగునే ఉన్న శిరాలో మొగలాయీల నాటి తోటను చూసి ముచ్చటపడి, అలాంటిదే తనకూ కావాలని 40 ఎకరాల్లో పని మొదలుపెట్టించాడు. దాన్ని పెంచి పెద్ద చేసింది కొడుకు టిప్పు. కాబూలు, పర్షియా, మారిషస్ లాంటి దూరదేశాల నుంచి విత్తులు, మొక్కలు తెప్పించాడు. యుద్ధాల మధ్య అంత తీరిక ఎలా దొరికిందో! ఆయన కాలం నాటివని చెప్పే మామిడిచెట్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక తోట ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. ఆపైన అర్ధశతాబ్దం ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారుతూ వచ్చింది. 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానం అయ్యాకే దానికి నిలకడ వచ్చింది. లండన్‌లోని క్యూ తోటలో పని నేర్చినవాళ్లు వరసగా వచ్చారు. మొక్కల పరీక్షలు జోరందుకున్నది అప్పుడే.

అందరూ ఫొటో దిగే అద్దాల మేడ కూడా కామెరాన్ హయాంలోదే. 1889 నవంబరు 30న విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను తలపించే ఆ కట్టడానికి ఇనుము గ్లాస్గో ఫౌండ్రీలో పోతపోసుకుని ఓడెక్కి వచ్చింది. పూల ప్రదర్శనలు పెట్టడానికి కట్టిన మేడను నేటికీ అదే పనికి వాడుతున్నారు. కట్టిన పనికే ఇన్నేళ్లూ నిలిచిన భవనాలు మన నగరాల్లో అరుదు.

నన్నడిగితే మేడకన్నా, కామెరాన్ తర్వాత వచ్చిన క్రుంబీగల్ చేసిన పనే గొప్పది. జర్మనీవాడు, క్యూలో తయారైనవాడు, బరోడా మీదుగా 1908లో బెంగళూరు చేరాడు. ఆయన చూపు తోట గోడ దాటి ఊరి వీధుల మీద పడింది. ఒక జాతి పూలు రాలేసరికి ఇంకో జాతి విరగబూసేలా, ఏడాది పొడుగునా ఏదో ఒక వీధిలో పూలు ఉండేలా చెట్లు ఎంచి నాటించాడు. బెంగళూరుకు తోటల నగరమన్న పేరు రావడంలో ఆయన పాలు పెద్దది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీవాడన్న ఒక్క కారణంతో ఆయన్ను నిర్బంధ శిబిరంలో పెట్టారు. అయినా ఈ ఊరు వదిలి పోలేదు. 1956లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన తర్వాత తోట బాధ్యత చూసిన జవరాయ, మరిగౌడ దాన్ని ఇంకా విస్తరించారు. ఇప్పుడది దాదాపు 240 ఎకరాలు.

తోట మధ్యలో కెంపేగౌడ బురుజున్న బండ సంగతి వేరు. దాని వయసు మూడు వందల కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు కూడా. చాలామంది దానిమీద కూర్చుని వేరుశనగలు తిని, పక్కనున్న బోర్డు చదవకుండానే దిగిపోతారు.

జనవరి 26కూ ఆగస్టు 15కూ జరిగే పూల ప్రదర్శన చూడాలనుంటే సరే, వెళ్లండి. ప్రశాంతత మాత్రం ఆశించకండి, అడుగు వేసే చోటుండదు. తోటను తోటగా చూడాలంటే మామూలు పనిదినాన, పొద్దున ఆరింటికే వెళ్లాలి. లాల్‌బాగ్ మెట్రో స్టేషన్‌లో దిగితే పడమటి గేటు దగ్గరే. ముందు బండ ఎక్కి ఆ బోర్డు చదవండి, అద్దాల మేడ తర్వాత చూసుకోవచ్చు.