ముసలితనానికి మందు: చవక సాధించాం, నమ్మకం మాటేమిటి?

మన దేశపు మందుల నిబంధనల్లో 'షెడ్యూల్ జె' అనే జాబితా ఒకటి ఉంది. అందులోని జబ్బులను నయం చేస్తానని గానీ, రాకుండా ఆపుతానని గానీ ఏ మందూ చెప్పుకోకూడదు. కేన్సరు, మధుమేహం, బట్టతల లాంటివాటితో పాటు అకాల వార్ధక్యం, పోయిన యవ్వనాన్ని తిరిగి తెప్పించే శక్తి కూడా ఆ జాబితాకెక్కాయి. అంటే వయసును వెనక్కి నెడతానన్న మాట ఏ మందు స్ట్రిప్పు మీదా అచ్చు కావడానికి వీల్లేదు. అయినా ఆ ఆశతో మందులు వాడేవాళ్లు మన దగ్గరా ఉన్నారు, విదేశాల్లోనూ ఉన్నారు. వాళ్లు అడిగేవి పాత మందులే. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్, కిడ్నీ మార్చినవాళ్లకు ఇచ్చే సిరోలిమస్, మొటిమల కోసం వచ్చి తర్వాత ముడతలకు కూడా పనికొచ్చిన ట్రెటినాయిన్. మూడూ డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సినవే.

మెట్‌ఫార్మిన్, సిరోలిమస్ మనిషి ఆయుష్షును పెంచుతాయా అన్నది శాస్త్రవేత్తలు తేల్చాల్సిన ప్రశ్న. వాళ్లింకా తేల్చలేదు. అంతకన్నా ముందు తేలవలసిన ప్రశ్న వ్యాపారానికి సంబంధించింది: స్ట్రిప్పు మీద పేరున్న మందు, రాసిన మోతాదులో, ఆ బిళ్లలో ఉందా? జ్వరం బిళ్ల పనిచేయకపోతే రెండో రోజుకే తెలుస్తుంది. షుగరు బిళ్ల సంగతి రక్తపరీక్షలో బయటపడుతుంది. ముసలితనం కోసం వేసుకునే బిళ్ల పనిచేసిందో లేదో చెప్పడానికి వాడేవాడి ఒంట్లో ఏ ఆనవాలూ దొరకదు. ఇరవై ఏళ్లు సుద్దబిళ్ల మింగినా తేడా తెలియదు. కాబట్టి ఈ మందు విషయంలో నమ్మకమంతా బయటి నుంచే రావాలి: చట్టం నుంచి, పరీక్ష నుంచి, అమ్మేవాడి లైసెన్సు నుంచి. మందుల ధర దించడంలో మన దేశం, అందులోనూ హైదరాబాదు, ప్రపంచానికే దారి చూపింది. నమ్మకాన్ని కట్టడంలో మాత్రం ఆ పట్టుదల ఏనాడూ చూపలేదు. ఈ రెంటి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ నేటి కొనుగోలుదారు ఇబ్బంది అర్థం కాదు.

మొదట పుట్టింది నమ్మకం గురించిన చింతే. గత శతాబ్దం మొదట్లో మన దేశంలో మందుల మీద అజమాయిషీ దాదాపు లేదు. విదేశాల నుంచి ఏది దిగినా అమ్ముడుపోయేది. మలేరియా ఏటా లక్షల ప్రాణాలు తీస్తున్న కాలంలో క్వినైన్‌లోనే కల్తీ జరుగుతోందని గగ్గోలు పుట్టింది. 1930లో ప్రభుత్వం కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసింది. మరుసటి ఏడాది వచ్చిన ఆ నివేదిక దేశమంతటికీ ఒకే చట్టం, కేంద్రంలో ఒక ప్రయోగశాల కావాలంది. చట్టం రావడానికి మాత్రం 1940 దాకా ఆగాల్సి వచ్చింది. నేటికీ మన మందుల అజమాయిషీ ఆ 1940 చట్టం మీదే నడుస్తోంది. దాని ప్రకారం తయారీకి లైసెన్సు ఇవ్వడం, తనిఖీ చేయడం ప్రధానంగా రాష్ట్రాల పని. ఒక రాష్ట్రంలో తయారైన బిళ్లను ఇంకో రాష్ట్రంలో కొంటాం. కొన్నచోటి ఇన్‌స్పెక్టరుకు ఆ ఫ్యాక్టరీ మీద అధికారం ఉండదు. చోప్రా సంఘం కోరిన ఏకరూపత ఈ ఒక్క చోటే చెదిరింది, ఇప్పటికీ అతుక్కోలేదు.

ధర కథ వేరు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి 1911 నాటి పేటెంటు చట్టం అమల్లో ఉంది. మందు మీదే పేటెంటు ఉండేది కాబట్టి, దాన్ని ఏ దారిలో తయారుచేసినా నేరమే. 1960ల మొదట్లో అమెరికా సెనేట్‌లో కెఫావర్ ఉపసంఘం మందుల ధరలపై విచారించినప్పుడు, ప్రపంచంలో మందులు అత్యంత ప్రియంగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటని తేలింది. తలసరి ఆదాయం తక్కువైన దేశం, ధరలు చూస్తే ఆకాశంలో! జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక పునాదిగా 1970 పేటెంట్ల చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్‌లో అమలైంది. అప్పటి నుంచి 2005 దాకా మందుకు పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికే ఉండేది, అదీ మొదట్లో మహా అయితే ఏడేళ్లు. మరో పద్ధతి కనిపెట్టగలిగిన రసాయన శాస్త్రవేత్తకు ఆ రోజు తలుపు తెరుచుకుంది.

ఆ శాస్త్రవేత్తలు అప్పటికే హైదరాబాదులో తయారవుతున్నారు. 1961లో కేంద్రం నెలకొల్పిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్, అంటే మన ఐడీపీఎల్, సోవియట్ సహకారంతో బాలానగర్‌లో సింథటిక్ మందుల ఫ్యాక్టరీ పెట్టింది. రియాక్టరు దగ్గర నిలబడి, వేడి ఎంత ఉండాలి, ద్రావణి ఏది వాడాలి, స్ఫటికాలు ఎప్పుడు విడతాయి అని చేత్తో నేర్చుకున్న తరం అక్కడ పెరిగింది. ఆ తరంలోని వాడే తాడేపల్లి నుంచి వచ్చిన కల్లం అంజిరెడ్డి. ఐడీపీఎల్‌లో కొన్నేళ్లు పనిచేసి, బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఐడీపీఎల్ వదిలి సొంతంగా యూనిట్లు పెట్టుకున్నవాళ్లు ఇంకా ఎందరో. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు వైపు షెడ్లు లేచాయి. 'బల్క్ డ్రగ్' అన్న మాట హైదరాబాదు వాడుక భాషలో కలిసిపోయింది. ఇంతమందిని తయారుచేసిన ఐడీపీఎల్ మాత్రం 1990ల్లో ఖాయిలా పడింది. కాలనీ పేరు మిగిలింది.

ఈ చవకకు ఇంకొకరు మూల్యం చెల్లించారన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ప్రాంతంలో దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేలింది. అది మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే స్థాయిని మించిన మోతాదు. అక్కడి నక్కవాగు చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి మొత్తుకున్నదాన్నే ఆ అంకె లోకానికి చెప్పింది. ధర ఒక్కటే కొలమానం అయిన చోట పరిశీలన ఎంత సన్నగిల్లుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం కనబడదు.

నమ్మకం విషయంలో జరిగినవి గుర్తు చేసుకుంటే మనసు మండుతుంది. 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో డైఎథిలీన్ గ్లైకాల్ కలిసిన గ్లిసరాల్ 14 మందిని చంపింది. లెంటిన్ కమిషన్ విచారించి, తప్పు ఎక్కడెక్కడ జరిగిందో విడమరిచి చెప్పింది. అదే విషం 2022లో గాంబియాలో పిల్లల మరణాలకు కారణమైందని అనుమానించిన మన దేశపు దగ్గు సిరప్‌లలో, 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పిల్లలకు పట్టిన సిరప్‌లో మళ్లీ కనిపించింది. ముడిసరుకు డ్రమ్మును వాడేముందు పరీక్షించడమన్న ఒక్క నియమం పాటిస్తే ఆగే చావులివి. నలభై ఏళ్లలో ఆ నియమాన్ని అన్ని చోట్లా అమలు చేయించలేకపోయాం.

ఇక్కడ నకిలీ మందుకూ నాసిరకం మందుకూ తేడా గమనించాలి. నకిలీ అంటే ఇంకొకరి పేరు దొంగిలించి చేసిన మోసం. నాసిరకం అంటే లైసెన్సున్న ఫ్యాక్టరీయే చేసిన, ప్రమాణాన్ని అందుకోని బిళ్ల. మన భయమంతా మొదటిదాని మీద, ప్రమాదమంతా రెండోదానిలో. కేంద్రం దేశవ్యాప్తంగా 47 వేల పైచిలుకు నమూనాలు పరీక్షించి 2017లో విడుదల చేసిన సర్వేలో నకిలీవి 0.0245 శాతమే, నాసిరకం 3.16 శాతం. ప్రభుత్వ సరఫరా నుంచి తీసిన నమూనాల్లో నాసిరకం 10 శాతం దాకా ఉంది. అంటే దొంగను పట్టుకునే చట్టాలు ఎంత కఠినం చేసినా సమస్యలో పెద్ద భాగం అలాగే మిగులుతుంది. 2008 సవరణ నకిలీ మందు వల్ల ప్రాణం పోతే యావజ్జీవ శిక్ష దాకా వేయవచ్చంది. మంచిదే. కానీ సరిగా కరగని బిళ్ల ఎవరినీ కళ్లెదుట చంపదు, కాబట్టి కోర్టుదాకా రాదు.

సరిగ్గా ఇక్కడే ముసలితనం మందుల సంగతి వస్తుంది. సిరోలిమస్‌నే తీసుకుందాం. 1960ల మధ్యలో ఈస్టర్ ద్వీపం నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, మాంట్రియల్‌లోని ఏయర్స్ట్ ప్రయోగశాలలో, పంజాబులో పుట్టిన సురేన్ సెహగల్ బృందం దాన్ని వేరుచేసింది. కంపెనీ ఆ పరిశోధన ఆపేసినప్పుడు ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజర్‌లో దాచి కాపాడారు. 1999లో కిడ్నీ మార్పిడి రోగుల కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. 2009లో, మనిషి లెక్కలో అరవై ఏళ్ల వయసు ఎలుకలకు పెడితే కూడా ఆయుష్షు పెరిగిందన్న ఫలితం వెలువడింది. అక్కడి నుంచి ఆరోగ్యవంతులు దాని వెంటబడ్డారు. అమెరికాలో పెర్ల్ అనే అధ్యయనంలో పాల్గొన్నవాళ్లకు ఫార్మసీలో ప్రత్యేకంగా కలిపి చేసిన గుళికలు ఇచ్చారు. అవి మామూలు జెనరిక్ బిళ్లతో పోలిస్తే మూడో వంతు మాత్రమే రక్తంలోకి చేరుతున్నాయని తర్వాత తేలింది. మింగినవాళ్లలో ఎవరూ ఆ తేడాను ఒంట్లో పసిగట్టలేదు, పసిగట్టలేరు కూడా. రక్తంలో మందు ఎంతుందో కొలిస్తేనే బయటపడింది. మెట్‌ఫార్మిన్‌ది మరో పాఠం. 1957లో ఫ్రాన్సులో ఝాన్ స్టెర్న్ షుగరు మందుగా నిలబెట్టిన ఈ పాత బిళ్ల మన అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధరకు గరిష్ఠ పరిమితి ఉంది. 2020 మేలో అమెరికా నియంత్రణ సంస్థ, నెమ్మదిగా కరిగే రకం మెట్‌ఫార్మిన్‌లో ఎన్‌డీఎంఏ అనే కేన్సర్ కారకం హద్దు మించిందని, అయిదు కంపెనీల సరుకు వెనక్కి తీసుకోమంది. వందేళ్లు బతకాలని వేసుకునే బిళ్లలో ఉండకూడని పదార్థం అది.

'ఇదంతా చవకబారు జెనరిక్‌ల తెగులు, పెద్ద బ్రాండు కొంటే చాలు' అనేవాళ్లున్నారు. చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. అప్పట్లో మన దేశంలో అతి పెద్ద పేరున్న రాన్‌బాక్సీకి చెందిన అమెరికా సంస్థ 2013లో నేరం ఒప్పుకుంది. పరీక్షల లెక్కలు సృష్టించారన్న ఆరోపణలతో సహా అన్నీ తేల్చుకోవడానికి 50 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. పైగా మన మార్కెట్లో బ్రాండుకూ జెనరిక్‌కూ మధ్య గీత పలచన. ఒక కంపెనీ పేరుతో అమ్ముడయ్యే బిళ్లను తరచూ ఇంకో ఊళ్లో మరో ఫ్యాక్టరీ చేసి ఇస్తుంది. స్ట్రిప్పు వెనక సన్నటి అక్షరాల్లో తయారీదారు పేరు, లైసెన్సు నంబరు ఒక చోట, అమ్మకందారు పేరు ఇంకో చోట ఉండేది అందుకే. ఎక్కువ డబ్బు కట్టినవాడు చాలాసార్లు ప్రచారానికి కడతాడు.

దీనికి భిన్నమైన అభ్యంతరం ఇంకొకటుంది, అది నాకు గౌరవం ఉన్న వైపు నుంచే వస్తుంది. నాణ్యత, నాణ్యత అని గోల పెడితే చిన్న యూనిట్లు మూతపడతాయి, ధరలు పెరుగుతాయి, విదేశీ కంపెనీలు లాభపడతాయి అంటారు. 1970 చట్టం కోసం పోరాడిన తరం ఆ భయంలోంచే మాట్లాడింది. కానీ ఈ రెండూ కలిసి నడవగలవని తమిళనాడు నిరూపించింది. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ ప్రభుత్వ ఆసుపత్రులన్నిటికీ మందులు ఒకే చోట నుంచి, జెనరిక్ పేర్లతో, టెండరు మీద కొంటుంది. గోదాముకు చేరిన ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి, తయారీదారు పేరు కప్పేసి, కోడ్ నంబరు వేసి పరీక్షకు పంపుతుంది. ప్రయోగశాలకు అది ఎవరి బిళ్లో తెలియదు. ఫెయిలైతే సరుకు వెనక్కి, పదేపదే ఫెయిలైతే కంపెనీ నిషేధ జాబితాలోకి. ధర పెరగలేదు, తగ్గింది. చాలా రాష్ట్రాలు దాన్ని ఆదర్శంగా తీసుకున్నాయి. అక్కడ కొనేవాడు ప్రభుత్వం, కాబట్టి పరీక్షించే శక్తి ఉంది. షాపు కౌంటరు ముందు నిలబడ్డ ఒంటరి మనిషికి ఆ శక్తి లేదు. సమస్య మూలం ఇదే.

ఆరోగ్యంగా ఉన్నవాడు ఈ మందులు వేసుకోవడమే తప్పు కదా, వాళ్లకు నమ్మకమైన చోటు చూపించడం దేనికి అనీ అడగవచ్చు. సిరోలిమస్ రోగనిరోధక శక్తిని అణచే మందు. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే బి12 తగ్గవచ్చు. ట్రెటినాయిన్ గర్భిణులు వాడకూడదు. ఎలుకల్లో ఆయుష్షును చెప్పుకోదగ్గంత పెంచని మెట్‌ఫార్మిన్ మనిషికి పెంచుతుందా అన్నదీ అనుమానమే. దాన్ని తేల్చడానికి అమెరికాలో సంకల్పించిన 'టేమ్' అనే పెద్ద పరీక్షకు ఏళ్ల తరబడి డబ్బు పుట్టలేదు, పేటెంటు లేని చవక మందు మీద ఏ కంపెనీకీ ఆసక్తి లేకపోవడం అందుకు ఒక కారణం. ఈ అభ్యంతరంలో నిజముంది, అందుకే డాక్టరు చీటీ లేకుండా వీటి జోలికి పోకూడదని నేనూ గట్టిగా అంటాను. చీటీ వల్ల ఇంకో మేలుంది. చీటీతో లైసెన్సున్న షాపులో కొన్నవాడి చేతికి బ్యాచ్ నంబరున్న బిల్లు వస్తుంది. దొంగచాటుగా తెప్పించుకున్నవాడికి ఏ కాగితమూ ఉండదు, రేపు ఆ సరుకు వెనక్కి తీసుకున్నా కబురు అందదు.

నమ్మదగిన చోటు అంటే తిరిగి లెక్క అడగగలిగిన చోటు అని నేను అర్థం చేసుకుంటున్నాను. 2008 నవంబరులో అమృత్‌సర్‌లో మొదలైన జన ఔషధి దుకాణాలు 2023 చివరికి పదివేలకు చేరాయి. మెట్‌ఫార్మిన్ లాంటివి అక్కడ చవకగా దొరుకుతాయి, బ్యాచ్‌లను పరీక్షకు పంపే ఏర్పాటు కూడా ఉంది. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద తయారీ వివరాలు చెప్పే క్యూఆర్ కోడ్ తప్పనిసరి. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ఫెయిలైన బ్యాచ్‌ల జాబితాను నెలనెలా ప్రకటిస్తోంది. స్ట్రిప్పు మీది నంబరును ఆ జాబితాతో పోల్చుకోవడం ఎవరైనా చేయగల పని. అయితే ఆ జాబితా ఫెయిలైనవాటినే చూపిస్తుంది. అందులో లేని బ్యాచ్ పరీక్షలో నెగ్గిందో, అసలు పరీక్షకే వెళ్లలేదో తెలుసుకునే దారి కొనేవాడికి లేదు. నెగ్గిన బ్యాచ్‌ల ఫలితాలను కూడా, ఏ ప్రయోగశాల, ఏ తేదీ అన్న వివరాలతో, అదే చోట పెట్టాలి. క్యూఆర్ కోడ్ కొట్టగానే ఆ ఫలితం కనబడాలి. కోడ్ ఇప్పటికే ఆ 300 బ్రాండ్ల మీద ఉంది, ఫలితాలు ప్రయోగశాలల్లో ఉన్నాయి. రెంటినీ కలపమని రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలను ఆదేశించడమే మిగిలింది.