మిర్చి డబ్బులొచ్చాక కొంటాలే

క్రిస్మస్‌కి సైకిలు కొనిస్తానని మా తాత మాటిచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అది ఇంటికొచ్చేసరికి పదో ఏడు నడుస్తోంది. వచ్చింది కూడా డిసెంబరులో కాదు, ఏప్రిల్ మండుటెండలో. ఖమ్మం నుంచి మా ఊరు ముదిగొండ దాకా ఆయనే తొక్కుకుంటూ తెచ్చాడు. పిల్లల సైకిలు కొంటే రెండేళ్లకే మూలన పడుతుందని పెద్దవాళ్లది కొన్నాడు. సీటెక్కితే కాళ్లందవు. సందులోంచి కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ కైంచీ తొక్కాను. "ఎర్రది, చిన్నది, ముందు బుట్ట ఉన్నది" అని అమ్మ నెలల తరబడి చెవినిల్లు కట్టుకుని పోరిన మాటల్లో ఆయనకు గుర్తున్నది సైకిలు ఒక్కటే.

ముదిగొండ అంటే బయటివాళ్లకు 2007 జూలై 28 నాటి పోలీసు కాల్పులే గుర్తొస్తాయి. మాకు మాత్రం సాగర్ ఎడమ కాలువ నీళ్లు, పత్తి, మిరప, డిసెంబరు మొదలు కాగానే ఇంటింటి మీదా వేలాడే కాగితపు స్టార్లు. ఆ స్టార్ల కింద ప్రతి ఏడూ జరిగే తంతు ఒకటుంది. పిల్లలకేం కావాలో తాతకు, నాయనమ్మకు చేరవేయాలి, వాళ్లు మరిచిపోకుండా చూడాలి, మరిచిపోయాక పిల్లల్ని ఊరుకోబెట్టాలి. ఇది ఈనాటి తలనొప్పి అనుకుంటాం గానీ, దీని వెనక చాలా దూరపు కథే ఉంది.

మొదటి కానుకల సంగతి మత్తయి సువార్తలో ఉంది. తూర్పు దేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు. ఆ కానుకల రోజుకు జనవరి 6న వేరే పండుగుంది, ఎపిఫనీ అంటారు. మా ప్రాంతానికి పెద్దగుడి లాంటి డోర్నకల్ కెథెడ్రల్ పేరు కూడా అదే. 1939లో సరిగ్గా జనవరి 6నే దాన్ని ప్రతిష్ఠించారు.

పిల్లలకు కానుకలివ్వడం మాత్రం జ్ఞానుల నుంచి నేరుగా రాలేదు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలోని మైరా పట్నంలో నికొలస్ అనే బిషప్పు ఉండేవాడు. కట్నాలకు డబ్బుల్లేని ముగ్గురాడపిల్లల ఇంట్లోకి రాత్రిపూట కిటికీలోంచి బంగారపు మూటలు విసిరాడని ఆయన మీద కథ. ఆయన పండుగ డిసెంబరు 6. యూరప్‌లో పిల్లలకు ఆ రోజునే మిఠాయిలు, బొమ్మలు దొరికేవి. పదహారో శతాబ్దంలో జర్మనీ సంస్కరణవాదులకు పునీతుల పూజ గిట్టక ఇచ్చేవాడిని బాలయేసు చేశారు, ఇచ్చే రోజును క్రిస్మస్‌కు జరిపారు. డచ్చివాళ్ల నికొలస్ అమెరికా చేరి శాంటా అయ్యాడు. 1823లో ఒక పద్యం ఆయనకు జింకల బండి కట్టింది, 1863 నుంచి థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు పొట్ట పెంచాడు, 1931 నుంచి కోకాకోలా ప్రకటనలు ఆ ఎర్రకోటును ప్రపంచమంతా తిప్పాయి.

ఇంగ్లండులో ఆయన 'ఫాదర్ క్రిస్మస్', అంటే నాన్న వరస. తెలుగులోకి వచ్చేసరికి క్రిస్మస్ తాత అయ్యాడు. తెల్లగడ్డం చూసి వరస కలిపేశాం. అప్పటినుంచి మన ఇళ్లల్లోని అసలు తాతలకు ఆయనతో పోలిక తప్పలేదు. ఆయనేమో రాత్రికి రాత్రి వచ్చిపోయేవాడు, అప్పు పుట్టకపోవడం, ధర పడిపోవడం ఎరగనివాడు. ఈయనేమో పత్తి కాంటా దగ్గర నిలబడ్డవాడు.

మా వైపు క్రిస్మస్ గోదావరి మీదుగా వచ్చింది. గోదావరిలో పడవలు నడిపించాలని ఇంగ్లీషు ఇంజనీర్లు దుమ్ముగూడెం దగ్గర పని పెట్టారు. అక్కడి అధికారి, తర్వాత జనరల్ అయిన హేగ్, ఆయన దగ్గర పనిచేసిన వెంకటరామరాజు కలిసి 1860లో కోయవాళ్ల మధ్య మిషన్ మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దొర దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల భాష గురించి వ్యాసాలు రాసినవాడు.

అప్పట్లో ఇంగ్లండు చర్చిల్లోని ఆడవాళ్లు, ఆదివారపు బడి పిల్లలు ఏడాదంతా పోగుచేసి మిషన్లకు పెట్టెలు పంపేవారు. గౌన్లు తొడిగిన బొమ్మలు, కుట్టుపని సంచులు, చొక్కాలు, పెన్సిళ్లు. అవి ఓడెక్కి, పడవెక్కి, ఎడ్లబండెక్కి వచ్చి బడిలో బహుమతుల రోజున పిల్లల చేతికి చేరేవి. పంపినవాళ్లు ఈ పిల్లల్ని చూడలేదు, పిల్లలకేం కావాలో వాళ్లనెవరూ అడగలేదు. నీలికళ్ల గుడ్డబొమ్మ చేతికొచ్చిన కోయపిల్ల దాన్ని ఏమనుకుందో ఎవరూ రాసిపెట్టలేదు. అడగకుండా వచ్చిన కానుకల్లో మన దగ్గర మొదటివి అవే అనుకుంటాను.

ఊళ్లల్లో దారి వేరు. 1912 డిసెంబరు 29న, అంటే క్రిస్మస్ అయిన నాలుగు రోజులకు, కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్యను డోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయన మొదటి భారతీయ బిషప్పు. కూలీనాలీ జనం కూడా దేవుడికి ఇచ్చేవాళ్లే కావాలని ఆయన పట్టు. కోతల పండుగకు గింజలు, కోళ్లు, గుమ్మడికాయలు మోసుకొచ్చేవాళ్లు. ఇవ్వడం ముందు నేర్చుకున్నాం, పుచ్చుకోవడం తర్వాత.

పుచ్చుకున్నది కూడా బొమ్మలు కాదు, బట్టలు. తెలుగు క్రైస్తవ ఇళ్లల్లో క్రిస్మస్ కానుకంటే ఏడాదికొక్క కొత్త జత. ఒకే తానులోంచి అన్నదమ్ములందరికీ చొక్కాలు. దర్జీకి తాత చెప్పే కొలత ఒకటే: "పెరిగే పిల్లోడు, కాస్త వదులుగా కుట్టు." మొదటి ఏడు భుజాలు జారేవి, మూడో ఏడు చంకలు పట్టేవి, సరిగ్గా సరిపోయింది మధ్యలో ఒక్క ఏడాదే. ప్రభుత్వాలకూ ఈ సంగతి తెలుసు. తెలంగాణ వచ్చాక ఇక్కడ పేద కుటుంబాలకు క్రిస్మస్‌కి పంచింది బట్టలే. ఆంధ్రాలో చంద్రన్న క్రిస్మస్ కానుక సంచిలో ఉన్నది గోధుమపిండి, కందిపప్పు, బెల్లం, నెయ్యి. బొమ్మ ఎక్కడా లేదు.

మరి ఏం కావాలో రాసిచ్చే చిట్టా ఎప్పుడు పుట్టింది? జర్మనీలో పిల్లలు మొదట రాసింది కోరికల చిట్టా కాదు. బుద్ధిగా ఉంటామని తల్లిదండ్రులకు, జ్ఞానపితలకు బడిలో దస్తూరీ దిద్ది రాసిచ్చిన క్రిస్మస్ ఉత్తరాలవి. పంతొమ్మిదో శతాబ్దంలో బొమ్మల అంగళ్లు పెరిగేకొద్దీ ఉత్తరం తిరగబడింది, ఇస్తామన్న మాటలు పోయి కావాలన్న మాటలు వచ్చాయి. శాంటా పేరిట వచ్చిపడే ఉత్తరాలను ఏంచేయాలో తోచక, 1912లో అమెరికా తపాలా శాఖ వాటిని విప్పి జవాబివ్వడానికి స్థానిక పోస్ట్‌మాస్టర్లకు అనుమతిచ్చింది. రాసేది పిల్లలు, చదివేది అమ్మానాన్నలు, మధ్యలో లేని తాత ఒకడు. దీనికంటే నమ్మకమైన ఏర్పాటు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

కానుకల చిట్టాలో మా పక్క మండలం వాళ్లు అందరికంటే ముందున్నారని నా పంతం. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, అదే మన రామదాసు, గోల్కొండ చెరసాలలో కూర్చుని 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనలో ఎవరికేం చేయించిందీ ధరలతో సహా అప్పజెప్పాడు. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు. తేడా ఒక్కటే. మనవాళ్లు కొనకముందు రాస్తారు, ఆయన ఇచ్చి చెరసాల పాలయ్యాక లెక్క తీశాడు.

ముదిగొండలో చిట్టా అక్కర్లేని కాలం నాకు తెలుసు. తాత, మనవడు ఒకే మంచం మీద పడుకునేవారు, వాడికేం కావాలో వాడి కలవరింతలే చెప్పేవి. పిల్లలు హైదరాబాదుకు, డాలస్‌కు వెళ్లాక చిట్టా అవసరమైంది. అయినా కోడలు మామగారికి "ఇది కొనండి" అని చెప్పలేదు. చెబితే అడిగి పెట్టించుకున్నట్టే. అందుకని ఫోన్లో పిల్లాడిని ముందుకు తోస్తుంది. "తాతా, నాకు రిమోట్ కారు..." అని వాడంటే, వెనకనుంచి ఆమె: "అబ్బే, వాడి మాటలకేం మామయ్యా, మీరు శ్రమపడకండి." కారుతో పాటు సెల్లు రెండు కూడా తెమ్మని పిల్లాడి చెవిలో ఊదేదీ ఆమే. పెద్దపొట్ట శాంటాకు ఉత్తరం రాయించే అమెరికా తల్లికీ, ఈమెకూ నాకు పెద్ద తేడా కనబడదు.

ఇంత చేసినా తాతలు మాట తప్పుతారు. ఎందుకు తప్పుతారో ఖమ్మం మార్కెట్‌యార్డు చెబుతుంది. పత్తి నవంబరు, డిసెంబరుల్లో ఇంటికొస్తుంది, వచ్చిన డబ్బు వచ్చినట్టే ఎరువుల కొట్టు బాకీకి, మిరపచేను మందులకు పోతుంది. తేజ మిర్చి ఏరుడు మొదలయ్యేసరికే క్రిస్మస్ దాటిపోతుంది, యార్డు ఎర్రబడేది ఫిబ్రవరి, మార్చిల్లో. క్రిస్మస్ మిరపచేను పూతలో ఉన్నప్పుడొచ్చే పండుగ. "మిర్చి డబ్బులొచ్చాక కొంటాలే" అన్నది ఎగవేత కాదు, తారీఖు. నా సైకిలు రెండేళ్లు ఆగింది కూడా మొదటి ఏడు ధర పడిపోయినందుకే. తాత సొంతచేత్తో చేసిచ్చే ముంజకాయల బండి సైతం ఎండాకాలం సరుకే కదా. ముంజలు తిన్న రెండు కాయలకు పుల్ల గుచ్చి, పంగలకర్ర తగిలిస్తే పరుగో పరుగు.

ఇప్పుడు తాత కుర్చీలో మా అమ్మ ఉంది. పోయినేడు నవంబరులోనే వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాను: పాపకు ఆరేళ్లు, బట్టలొద్దు, చప్పుడు చేసే బొమ్మలొద్దు, రంగు పెన్సిళ్లు, లేకపోతే ఒక బొమ్మల పుస్తకం. అమ్మ రెండుసార్లు వింది, నీలం టిక్కులు పడ్డాయి. "సరేలే, చూస్తాలే" అంది. క్రిస్మస్ వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది.

వేసవి సెలవులకు మేం ముదిగొండ వెళ్తే బీరువాలోంచి పాత చీరె ముక్కలో చుట్టిన మూట తీసింది. మూడు గిన్నెల స్టీలు క్యారియరు. "పుస్తకం చిరుగుద్ది, పెన్సిల్ అరుగుద్ది, ఇదైతే దాని పెళ్లిదాకా ఉంటది" అని పాప చేతిలో పెట్టింది. పాప దాన్ని వెలుగుకు పట్టి చూసింది. పైమూత మీద ఖమ్మం గిన్నెల కొట్టువాడు మిషనుతో చుక్కలు చుక్కలుగా పేరు చెక్కాడు. పేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది. కింద తారీఖు మాత్రం తప్పులేకుండా 25-12 అని ఉంది.