ఆరెంపీ

పొదిలి పల్లెల్లో మిరపతోటకు మందు కొట్టి కళ్లు తిరిగి పడినవాణ్ని ముందు తీసుకెళ్లేది ఆరెంపీ దగ్గరికే. అక్కడ ఆ మాటకు డిగ్రీ లేకుండా సెలైన్ పెట్టి సూది వేసే మనిషని అర్థం. చట్టంలో దీనికి పూర్తిగా తలకిందులు: ఆరెంపీ, అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, చదివి పాసై, వైద్యమండలి పట్టికలో పేరెక్కిన డాక్టరు. రిజిస్టర్‌కు మూలం లాటిన్. రాసి పెట్టినవి అని భావం. బ్రిటన్ 1858లో చట్టంతో అర్హులైన వైద్యులకు పట్టిక పెట్టింది, ఎవరు అర్హులో జనం గుర్తుపట్టడానికి. 1914 నాటి మద్రాసు చట్టంతో ఆ పద్ధతి మన దాకా వచ్చింది. ‘వైద్యుడు’లో విద్య ఉంది, ‘డాక్టరు’లో బోధించేవాడున్నాడు, పట్టిక వీటికి జవాబుదారీతనాన్ని జోడించింది. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం మందుచీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, రోగి రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. పట్టికలో లేనివాడు వైద్యం చేస్తే 2019 చట్టం కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అర్ధరాత్రి తలుపు తీసే మనిషి మీద ఊరికున్న అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంటికెక్కితే అట్రోపిన్ పడాలి, ఆసుపత్రి కావాలి. సెలైన్‌తో పోయే ప్రతి గంటా ప్రాణానికి ముప్పే. పీఎంపీ, గ్రామీణ వైద్యుడు అనే కొత్త పేర్లూ ఇప్పుడు తిరుగుతున్నాయి. పేరేదైనా, నంబరు చూపించమని అడిగే హక్కు రోగిది, చూపించాల్సిన బాధ్యత డాక్టరుది.