జల్లెడ ఎముక కథ

పడిశము పట్టినపుడు తల బరువెక్కుట, ముక్కు కారుట మనకందరకును అనుభవమే. ఆ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? ఈ చిన్న ప్రశ్నకు సరియైన సమాధానము లభించుటకు పాశ్చాత్య వైద్యమునకు పదునాలుగు వందల ఏండ్లకు పైగా పట్టినది.

రెండు కన్నుల నడుమ, ముక్కు పైభాగమున ఒక ఎముక కలదు. దాని పైరేకు నిండ సన్నని రంధ్రములుండుటచే జల్లెడ అను అర్థము గల గ్రీకు పదమునుండి దానికి 'ఎత్మాయిడ్' అను పేరు వచ్చినది. క్రీస్తుశకము 2వ శతాబ్దిలో రోము నగరమున వైద్యము చేసిన గేలెన్, మెదడులోని మలినము శ్లేష్మమై ఈ రంధ్రముల గుండ ముక్కులోనికి దిగునని బోధించెను. జల్లెడను చూచినవారికి వడపోత తోచుట సహజమే గదా! ఆయన మాట తరతరములకు ప్రమాణమైనది. 1655లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ ఆచార్యుడు కాన్రాడ్ విక్టర్ ష్నైడర్ ఈ ఎముకపైననే ఒక గ్రంథము వ్రాసి ఆ మతమును ఖండించెను. శ్లేష్మము మెదడునుండి గాక ముక్కులోని పొరనుండియే ఊరునని ఆయన నిరూపించెను. ఆ రంధ్రములు వాసన తెలుపు నరములకు దారులని నేడు మనకు తెలియును.

ఈ ఎముకకు ఇరుప్రక్కల తేనెపట్టువంటి చిన్న చిన్న గాలిగదులున్నవి. శిశువు పుట్టునాటికే ఇవి ఏర్పడియుండును. కంటికిని వీనికిని నడుమ నున్న గోడ ఎంత పలుచనిదనగా, శరీరశాస్త్రజ్ఞులు దానిని కాగితపు పలక యనిరి. పైకప్పునకు ఆవల మెదడు. ఆ కప్పు నడుమ నుండు గుంట లోతు కొందరిలో ఒక మిల్లీమీటరు మాత్రమే. కొందరిలో 16 వరకును ఉండునని 1962లో కేరోస్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను.

కనుకనే ఈ గదులపై శస్త్రచికిత్స ఒకప్పుడు ప్రాణసంకటముగ నుండెను. రోగిని చంపుటకు ఇంత సులువైన శస్త్రచికిత్స మరియొకటి అరుదని అమెరికా వైద్యుడు మోషర్ 1929లో హెచ్చరించెను. అటుపిమ్మట సన్నని కటకముల గొట్టము వచ్చి, వైద్యుని చూపును ముక్కులోపలికి చేర్చినది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున మెస్సెర్‌క్లింగర్, నుదుటి గదులకును చెక్కిలి గదులకును వ్యాధి మూలము తరచుగ ఈ జల్లెడ ఎముక ముందుభాగపు ఇరుకుదారిలోనే కలదని గుర్తించి, 1978లో ఆంగ్లమున గ్రంథము వెలువరించెను. ఆ ఇరుకును తొలగించి సహజమార్గము తెరచుటయే నేటి చికిత్స. సి.టి. స్కాన్ ముందుగనే దారిపటము నిచ్చుచున్నది.

ఇంత తెలిసినను ఆ గోడ మందము పెరుగలేదు. పడిశముతో నున్న బిడ్డకు కనురెప్ప వాచి, కన్ను ఎఱ్ఱబడి, జ్వరము వచ్చినచో, పురుగు కుట్టినదేమోయని తల్లులు ఉపేక్షింపరాదు. గదులలోని చీము కాగితపు పలకను దాటి కంటివైపు సాగుచుండవచ్చును. కన్ను ముందుకు పొడుచుకొని వచ్చుట, చూపు మందగించుట మరింత ప్రమాదచిహ్నములు. ఆనాడే ఆసుపత్రికి చేర్చినచో చూపును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును గూడ కాపాడుకొనగలము.